అడగవలసిన మాట

దీవులకి బోట్లు బయల్దేరే ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ కౌంటర్ కిటికీ వెనక కూర్చున్న గౌతమికి, ఆ ఉదయం లైన్లో అప్పలకొండ కనిపించాడు. అతను ఆమె భర్త లోకనాథంతో కలిసి జంగ్లీఘాట్ రేవు నుంచి చేపల వేటకి వెళ్ళే మనిషి. ఏ దీవికీ ప్రయాణం పెట్టుకోనివాడు, అందరితోపాటు నిలబడి, తన వంతు వచ్చాక కిటికీ ముందు వంగాడు.

"టికెట్ కాదొదినా. అన్న గురించి ఒక మాట సెప్పాలి."

వెనకాల ఎవరో విసుక్కున్నారు. "ఏక్ మినిట్, భయ్యా" అని వాళ్ళకి చెప్పి, గౌతమి చెవి కిటికీకి దగ్గరగా పెట్టింది.

తెల్లవారగానే వాళ్ళ డోంగీ తాడు ఊడి, పోటు తీస్తున్న నీటితోపాటు పడవ సముద్రం లోపలికి పోవడం మొదలెట్టిందట. లోకనాథం రేవు మెట్టు మీదే ఉన్నాడు. దూకితే అందే దూరం. అతను చేతులు వేలాడేసుకుని చూస్తూ నిలబడ్డాడు.

"నాను ఈదుకుంటా ఎల్లి పట్టుకొచ్చాను. ఏటన్నా ఇదీ అంటే, పోతే పోనీరా అన్నాడు. అన్న అలాగ అనే మనిషి కాడు గదా."

అప్పలకొండ పక్కకి తప్పుకున్నాడు. గౌతమి తర్వాతి ప్రయాణికుడి పేరు రెండుసార్లు తప్పు కొట్టింది.

అంతకు మూడు నెలల ముందు నుంచీ లోకనాథంలో తేడా ఆమెకి కనిపిస్తూనే ఉంది. పేరు పెట్టడమే చేతకాలేదు. మనిషి ఏడవలేదు, తాగలేదు. అన్నం సగంలో వదిలేసేవాడు. స్నానం చెయ్యమంటే చేద్దాంలే అని మధ్యాహ్నం దాకా అలాగే కూర్చునేవాడు. తొమ్మిదేళ్ళ కూతురు కళ్యాణి ఏదైనా అడిగితే ఒక్క కసురు కసిరి, ఆ తర్వాత ఆ పిల్ల వైపు చూడలేక గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఏమైందంటే "ఒళ్ళు బరువు" అనేవాడు. గౌతమి మొదట నవ్వించబోయింది. తర్వాత సాధించింది. "ఇంటిల్లిపాదీ నీ మొహం చూసి బతకాలా?" అని ఒక ఆదివారం అరిచింది కూడా. అతను తలూపాడు. ఆ మాట న్యాయమే అన్నట్టు ఊపాడు. ఆ తలూపు ఆమెని అప్పటినుంచీ తొలుస్తోంది.

మధ్యాహ్నం భోజనం వేళ ఆమె డబ్బా తెరవకుండా సుమకి ఫోన్ చేసింది. సుమ ఆమెతో డెలానీపూర్ బడిలో చదివింది, ఇప్పుడు నర్సు. జాలిపడకుండా వరసగా ప్రశ్నలడిగింది. నిద్ర ఎలా ఉంది? ముందు ఇష్టపడ్డవి ఇప్పుడు చేస్తున్నాడా? తనవల్ల ఎవరికీ ఉపయోగం లేదని అన్నాడా? ఎన్నాళ్ళుగా?

"ఇది బద్ధకం కాదే. డిప్రెషన్ లాగుంది. డాక్టర్ చూసి చెప్పాలి, కానీ ఆలస్యం చెయ్యకు. ఈరోజే ఒక మాట అడుగు. చచ్చిపోవాలనిపిస్తోందా అని. సీదాగా అడుగు."

"అలా అడిగితే లేనిపోని ఆలోచన నేనే పెట్టినట్టవదూ?"

"అవదు. అడిగేవాళ్ళు లేకే మనుషులు దాన్ని లోపల పెట్టుకు తిరుగుతారు. అవునంటే మాత్రం ఒంటరిగా వదలకు, వెంటనే ఆసుపత్రికి తీసుకురా."

సగం రోజు సెలవు పెట్టి గౌతమి ఇంటికి వెళ్ళింది. లోకనాథం పెరటి మెట్ల మీద ఉన్నాడు. పక్కన కూర్చుంది. దారంతా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి, ఒక్కటే మిగిలింది.

"బావా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

అతను ఆమె వైపు తిరిగాడు. ఎన్నో వారాల తర్వాత ఆ కళ్ళు ఆమెని సూటిగా చూశాయి.

"చావాలని కాదు. ఏటీ చేసుకోను. కానీ పొద్దున్న డోంగీ ఎల్లిపోతుంటే, అందులో నానుంటే బాగుణ్ణనిపించింది. ఎవరూ ఎతక్కుండా." చూపు మళ్ళీ పెరట్లోకి తిప్పుకున్నాడు. "నాకేం తక్కువ, గౌతమీ? నువ్వున్నావు, పిల్లుంది, పడవుంది. సిగ్గేస్తాది."

"తక్కువై రాలేదు, ఇది జబ్బు" అంది. "నేను తెలీక తిట్టాను. ఇప్పుడు తెలిసింది. రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, చలో అంటే చలో. అప్పటిదాకా నీ పక్కనే ఉంటాను."

"నాను పిచ్చోణ్ణా? నానొల్లను."

అప్పుడు గుమ్మంలోంచి అతని తల్లి నూకరత్నం బయటికొచ్చింది. కొడుక్కి దిష్టి తగిలిందని నెలరోజులుగా ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోస్తున్న మనిషి. డాక్టర్ వద్దంటుందేమోనని గౌతమి బిగుసుకుంది. ముసలావిడ కొడుకు వెనక మెట్టు మీద కూలబడింది.

"మీ అయ్యా ఇలాగే కూకునీవోడు," అంది. "రెండు వానాకాలాలు. వలకాడికి ఎల్లీవోడు కాదు. సోమరిపోతని నాను తిట్టాను, ఊరు నవ్వింది. ఆడికి ఏటయ్యిందో ఎవులూ అడగనేదు. నాను అడగనేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎల్లరా నాయినా. నాను దిష్టీ తీత్తాను, నువ్వు డాట్రుకాడికీ ఎల్లు."

లోకనాథం తండ్రి గురించి ఆ మాట ఎన్నడూ వినలేదు. తల్లి వైపు తిరిగి చూశాడు. చివరికి, "ఎన్నింటికెల్లాలి?" అన్నాడు.

మర్నాడు డాక్టరమ్మ హిందీలో నిదానంగా అడుగుతుంటే, అతను మూడు నెలల్లో ఇంట్లో మాట్లాడినదానికన్నా ఎక్కువ మాట్లాడాడు. ఆవిడ మాత్రలు రాసింది. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందనీ, తగ్గినట్టనిపించినా తనకు తానుగా మానొద్దనీ, వారం వారం వచ్చి మాట్లాడమనీ చెప్పింది. బయటికొస్తున్న గౌతమిని ఆపింది. "మీరు డాక్టర్ అవక్కర్లేదు, దీదీ. భార్యగా ఉండండి. మీరూ వేళకి తినండి, నిద్రపోండి."

మాత్ర ఇచ్చే పని నూకరత్నం తీసుకుంది. గౌతమి అతన్ని హుషారుగా ఉండమనడం మానేసింది. "ఇవాళ స్నానం చాలు" అనేది, అది అయితే సంతోషించేది. సాయంత్రం అబర్డీన్ బజార్ దాకా నడుద్దామనేది. కొన్నాళ్ళు గల్లీ చివర్నుంచే వెనక్కి తిరిగారు. "రేపు చూద్దాం" అనేది. అప్పలకొండ రోజూ వచ్చి పక్కన కూర్చుని వల బాగుచేసుకునేవాడు. లోకనాథం మాట్లాడితే తనూ మాట్లాడేవాడు, లేకపోతే లేదు. ఆదివారాలు మాత్రం గౌతమి ఇంటిని అత్తకి వదిలి రెండు గంటలు సుమ ఇంట్లో గడిపేది. ఒకరోజు అక్కడ భోరున ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

ఐదో వారంలో అతను అన్నం మారు అడిగాడు. ఆరో వారంలో వేటకి వెళ్ళాడు. ఎనిమిదో వారంలో మాత్రలు మానేశాడు. బాగానే ఉన్నాను కదా అనుకున్నాడు, రేవులో ఎవరో పిచ్చి మాత్రలని నవ్వారు కూడా. పది రోజుల్లో మళ్ళీ గోడ వైపు తిరిగాడు. ఆ పది రోజులూ తల్లి ఇచ్చిన మాత్రలన్నీ చూరులో దొరికాయి.

గౌతమికి ఒళ్ళు మండిపోయింది. వాటిని అతని ముందు పెట్టింది.

"నాకు కోపంగా ఉంది, బావా. దాచను. కానీ నిన్ను వదిలెయ్యను. మళ్ళీ మొదట్నుంచి వెళ్దాం. అబద్ధం మాత్రం చెప్పకు. మింగకపోతే మింగలేదని చెప్పు."

"సిగ్గేసింది," అన్నాడు.

"తెలుసు. సిగ్గేసినా చెప్పు."

మళ్ళీ మొదట్నుంచి వెళ్ళారు. ఈసారి నెమ్మదిగా సాగింది, కానీ నిలిచింది. వానాకాలం దాటేసరికి అతను వారంలో ఐదు రోజులు వేటకి వెళ్తున్నాడు. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజుల్లో కసిరింది నీ తప్పు వల్ల కాదమ్మా అని తనే చెప్పాడు.

మరుసటి ఏడు జూన్‌లో, నాలుగు రోజులుగా ముసురు పట్టి సగం బోట్లు ఆగిపోయి కౌంటర్ దగ్గర జనం కేకలేస్తుంటే, గౌతమి ఫోన్ మోగింది.

"నిన్నట్నుంచి బాగోట్లేదు," అన్నాడు లోకనాథం. "ఒళ్ళు బరువుగా ఉన్నాది, నిద్ర నేదు. మాత్ర మానలేదు. ముదరకముందే డాక్టరమ్మకి చూపించుకుంటాను."

"ఉండు, సెలవడిగి వచ్చేస్తాను."

"ఒద్దులే, అప్పలకొండ తోడొస్తున్నాడు. నువ్వు డ్యూటీ చూసుకో. సాయంత్రం అన్నీ చెప్తాను."

గౌతమి ఒక్క క్షణం ఆలోచించింది. ఆ గొంతులో అలసట ఉంది, దాపరికం లేదు.

"ఠీక్ హై బావా. వెళ్ళిరా," అని ఫోన్ పెట్టి, కిటికీ ముందున్న ముసలాయన్ని ఏ దీవికని అడిగింది.