బీరువాలో పళ్ళు

ఆదివారం పొద్దున మా అత్త ఏసమ్మ బీరువా తెరిస్తే నా పట్టుచీరా, మా ఆయన చేతిగడియారమూ, నా పళ్ళూ బయటికి వచ్చేవి. గుడి నుంచి రాగానే అన్నీ మళ్ళీ లోపలికి పోయేవి. బడి రోజుల్లో పళ్ళొక్కటే వచ్చేవి. తాళంచెవి ఎప్పుడూ అత్త బొడ్లోనే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఏడుపొచ్చేది.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. ఆళ్ళగడ్డ మిషన్ స్కూల్లో ఒకటో తరగతికి చెప్పేదాన్ని. రెండో కాన్పు తర్వాత చిగుళ్ళు వాచి, పై వరసలో ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. "కాన్పులైతే పండ్లు పోవా మే? నాకు పోలేదా?" అని అత్త తన బోసినోరు తెరిచి చూపించింది. ఆమె లెక్కన అది గేదె ఈనినంత మామూలు సంగతి.

పళ్ళు లేకపోతే ఏమవుతుందో పళ్ళున్నవాళ్ళకు తెలియదు. జొన్నరొట్టె కొరకలేను, తుంచి పులుసులో నానేసుకొని మింగాలి. పాఠం చెప్తుంటే మాటకు ముందు గాలి పోతుంది, పిల్లలు పలకలు అడ్డం పెట్టుకొని నవ్వుతారు. వాటన్నిటికంటే పెద్ద బాధ పాట. మా మిషన్ గుడిలో హార్మోనియం లేదు. ఒకరు గొంతెత్తి మొదలుపెడితే తక్కినవాళ్ళు అందుకోవాలి. కాపురానికొచ్చిన మొదటి ఆదివారం నుంచీ పాట ఎత్తుకునేది నేనే. వారమంతా నేను కోడలిని, అమ్మను, టీచరును. ఆ కాసేపు మాత్రం ఒట్టి సలోమిని. అది పోతుందేమోనని భయంగా ఉండేది.

మా ఆయన యోబు నన్ను నంద్యాలకు తీసుకుపోయాడు, కాదనను. పళ్ళు కట్టే గఫూర్ సాయబు అతనికి కొత్తేమీ కాదు. ముందటేడు నాకు అరియర్సు వస్తే, ఏ జబ్బూ లేని పన్నుకు అక్కడే బంగారు తొడుగు వేయించుకున్నాడు, నవ్వితే మెరవాలని. గఫూర్ సాయబు నా నోరు చూసి రెండు రకాలు చెప్పాడు. "తీసి పెట్టుకునేటివి చవక. కదలకుండా కట్టాలంటే పక్కపండ్లు అరగదీసి వాటికి పట్టించాల. దుడ్లు నాలుగింతలైతాయి. కానీ టీచరమ్మా, అవి ఇంక మీ సొంత పండ్లే అనుకోండి."

నేను ఏదో అనబోయేలోపే మా ఆయన తేల్చేశాడు. "తీసి పెట్టేటివి చాలన్నా. బయటికి పొయ్యేటప్పుడు పెట్టుకుంటాది. ఇంట్లో ఎవురు చూస్తారు?"

ఇంట్లో ఎవరు చూస్తారు. బస్సులో, పొయ్యి ముందర, చంటిదాన్ని నిద్రపుచ్చుతూ అదే మాట. ఇంట్లో పిల్లలు చూడరా? అద్దంలో నేను చూసుకోనా? మరి అతని బంగారం ఎవరు చూడాలని? జీతం కవరు విప్పకుండా తెచ్చి చేతికిచ్చేదాన్నే గానీ, నా నోటికి ఏది చాలునో చెప్పాల్సింది మాత్రం అతను. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటంతా రొట్టెపిండి మీద చూపించాను.

పళ్ళు వచ్చాయి. అత్త వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "నమిల్తే అరిగిపోవూ? ఇంత దుడ్లు పోసినామే" అని, పౌడరు డబ్బాలో పెట్టి, వెండి గ్లాసు పక్కన చేర్చి తాళం వేసింది. బడి నుంచి రాగానే తీసి ఆమె చేతికిచ్చి, అప్పుడు అన్నానికి కూర్చునేదాన్ని. మా ఇంట్లో పళ్ళు తినడానికి కాదన్నమాట.

ఆ ఏడు కోత పండగకు ముందురోజు అత్త దొర్నిపాడులో కూతురింటికి పోయింది. తాళంచెవీ ఆమెతోనే పోయింది. "ఒక్కరోజుకేమైతాది? గమ్మున కూచ్చో" అన్నాడు మా ఆయన. గుడి నిండా జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. పాస్టరు అయ్యగారు పాట కోసం నా వైపు చూశారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల దించుకున్నాను. వెనక వరసలో నుంచి లూదియా అనే పిల్ల ఎత్తుకుంది. బాగా పాడింది కూడా.

ఒకటో తారీఖు జీతం అందగానే నంద్యాల బస్సెక్కాను. కవరు గఫూర్ సాయబు ముందు పెట్టి, "కదలనివి కట్టు సాయబూ" అన్నాను.

"అన్న రాలేదామ్మా?"

"నోరు నాది కదా."

సాయంత్రం మా ఆయన అడిగాడు. "జీతమేదీ?"

"పండ్లకిచ్చినా."

"ఎవుర్నడిగి?"

"నీ బంగారు పన్నుకు ఎవుర్నడిగినావ్?"

ఆ పూట అతను అన్నం తినలేదు. నేను తిన్నాను.

కొన్ని వారాలు తిరిగాక పళ్ళు కట్టడం పూర్తయింది. ఇంటికొచ్చేసరికి అత్త వసారాలో కూర్చొని శనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి అలవాటుగా చెయ్యి చాచింది. "తియ్ మే, లోపల పెడతా."

"ఇవి రావత్తా."

నమ్మలేదు. దగ్గరికి పిలిచి, వేలుతో పట్టి లాగి చూసింది. కదల్లేదు. ఇప్పుడు తిట్లు మొదలవుతాయి అనుకున్నాను. ఆమె మళ్ళీ ఒలవడంలో పడింది. మనవలకూ కొడుక్కూ చేటలకొద్దీ ఒలిచేదే తప్ప, ఒక్క గింజ నోట్లో వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళూ ఆ సంగతే నాకు తట్టలేదు. కాసేపటికి కొడుకు ఇంట్లో లేడు కదా అని లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించింది.

"నొప్పి పుడ్తాదా మే?"

"కొంచెం."

"నాగ్గూడా కడతాడా, ఆ సాయబు?"

తర్వాతి నెల జీతం కూడా ఇంటికి చేరలేదు.