నా పేరు అడ్జస్ట్

నేను ఒక ఇంగ్లీషు మాటను. చేత్తో పట్టుకునే వస్తువును కాను గానీ, మీ ఇంట్లో ఇత్తడి చెంబు మారినన్ని చేతులకంటే ఎక్కువ నోళ్లు మారాను. నా పేరు అడ్జస్ట్. క్రియను, అంటే పని చెప్పే మాటను. నేను చెప్పిన పని ఎవరు చేశారు, ఎవరు చేయించారు అన్నదే నా కథంతా.

నా పుట్టుక గొప్పదేం కాదు. ఇంగ్లీషు వాళ్లు ఫ్రెంచి వాళ్ల దగ్గర తెచ్చుకున్న సరుకును. దగ్గరికి చేర్చడం, పొందికగా అమర్చడం నా పని. గడియారం వెనకబడితే ముల్లు తిప్పడానికి నేను కావాలి. కళ్లజోడు ముక్కు మీద నుంచి జారితే నేనే. చొక్కా చంకలో పట్టేస్తే నేనే. మనిషికి తగ్గట్టు వస్తువును సవరించే మర్యాదైన ఉద్యోగం.

నాకు అన్నదమ్ములున్నారు. ఒక్కడూ అచ్చం నాలా ఉండడు. అడాప్ట్ నిదానస్తుడు, కొత్త చోటికి మెల్లగా అలవాటు పడటం వాడి పని. ఫిక్స్ విరిగినదాన్ని బాగుచేస్తాడు, నేను విరగనిదాన్ని కాస్త అటూ ఇటూ చేస్తాను. కాంప్రమైజ్ ఉన్నాడే, వాడికి ఇద్దరూ చెరికాస్త వదులుకోవాలి. ఒక్కడే వదులుకుంటే వాడు ఆ గడప తొక్కడు. డిక్షనరీలు మమ్మల్నందర్నీ ఒకే చాప మీద పడుకోబెట్టి, ఒకడి బదులు ఒకణ్ణి వాడుకోవచ్చంటాయి. వాడి చూడండి, తెలుస్తుంది.

ఈ దేశం వచ్చాక నా బతుకు తిరగబడింది. మొదట రైల్లో, ముగ్గురి సీటు మీద నాలుగోవాడు నడుం ఆనిస్తూ నన్ను పలికాడు. వాడూ ఊరు చేరాలి కదా, అందరూ జరిగారు. ఆ రోజు నాకు గర్వంగానే ఉంది. తర్వాత ఇంటి ఓనరు నీళ్లు రాని కుళాయి చూపించి నన్ను వాడాడు. మేనేజరు ఆదివారం డ్యూటీ వేసి వాడాడు. తన్నులు తిని పుట్టింటికొచ్చిన పిల్లకి పెద్దమనుషులు నన్ను కషాయంలా పట్టారు. అందరూ నా ముందు 'కొంచెం' అని ఒక తెలుగు మాటను కట్టారు. ఆ కొంచెం ఏ రోజూ కొంచెం కాదు. ఇంగ్లీషు అక్షరం రానివాళ్లకి కూడా నేను వచ్చేశాను. బడి నేర్పలేదు, నెత్తి మీద కూర్చున్నవాడు నేర్పాడు.

అలా తిరిగి తిరిగి పల్నాడులో మిరపకోతల వేళకి నాసరయ్య నోట్లో పడ్డాను. నాసరయ్య ముఠా మేస్త్రి. ఆడకూలీలను సైదులు ఆటోలో కుక్కి పొరుగూరి చేలకు తోలుకెళ్తాడు. రైతు మేస్త్రికి తలకింత అని ఇస్తాడు గనక తలలు తగ్గకూడదు, ఆటో అద్దె తనదే గనక ఆటోలు పెరగకూడదు. ముఠాలో ఒక ఆనవాయితీ ఉంది. ఆటో మొదటి వీధి నుంచి ఎక్కించుకుంటూ వస్తుంది, చివరి వీధి వాళ్లకి మిగిలేది ఆటో వెనక అడ్డంగా బిగించిన చెక్క. కాళ్లు బయటికి వేలాడేసి, కమ్మీ పట్టుకుని, దుమ్ము తింటూ కూర్చోవాలి. ఎవరూ పెట్టని రూలు, అందరూ పాటించే రూలు.

చివరి వీధిలో దీవెన ఉంటుంది. కడుపుతో ఉంది. ముందురోజు కాలవకట్ట దిగేటప్పుడు ఆటో ఎగిరి ఆమె చెయ్యి జారింది. ముఠాలో పెద్దదైన సువార్తమ్మ రెక్క పట్టి లోపలికి లాగబట్టి రోడ్డు మీద పడలేదు.

తెల్లారి ఆటో చివరి వీధిలో ఆగింది. మేస్త్రి ఎప్పట్లాగే డ్రైవరు పక్కన దర్జాగా ఉన్నాడు.

"ఎక్కమ్మాయ్, పొద్దెక్కుతోంది. కొంచెం అడ్జస్ట్ అవ్వాల."

"చెక్క మీద నేను కూకోను బాబాయ్. లోపల చోటియ్యి" అంది దీవెన.

"లోపల యాడుందే చోటు? కుదరకపోతే ఇంటికాడుండు. కాన్పయినాక వద్దువుగాని."

ఇంటికాడ ఉంటే ఆ సీజను కూలి పోయినట్టే. కాన్పు గడవాల్సింది ఆ కోతల మీదే. అందరికీ తెలుసు. అందరూ తలలు దించుకున్నారు. నేను ఎప్పట్లాగే గెలిచాననుకున్నాను.

సువార్తమ్మ ఆటో దిగి ముందుకొచ్చింది.

"మేస్త్రీ, దిగు."

"నేనెందుకే?"

"నీ సీట్లో పిల్ల కూకుంటది. నువ్వు చెక్క మీద కూకో. కొంచెం అడ్జస్ట్ అవ్వు."

ఇన్నేళ్లలో నన్ను కింద నుంచి పైకి విసిరిన మనిషి నాకు తగల్లేదు. నాసరయ్య నవ్వేసి ఆ మాటను తోసెయ్యబోయాడు. కానీ ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగారు. చేలో వాళ్ల పద్ధతి అదే. ఒకామె సాలు వెనకబడితే పక్కనున్నవాళ్లు ఆ సాలు కూడా కోసి ఆమెను తమ వరసలో కలుపుకుంటారు. చేలో చేసేది రోడ్డు మీద చేశారు.

సంగతి తెలిసి రైతు చినపుల్లయ్య మోటారు సైకిలు మీద వచ్చాడు. చెట్టు మీద కాయ పండి ఉంది.

"మబ్బు పట్టింది తల్లీ. ఇయ్యాల్టికి..." అని నా కోసం నోరు తెరిచాడు.

"ఆ మబ్బునే అడ్జస్ట్ అవ్వమని చెప్పయ్యా. మాకు తొందరేం లేదు" అంది సువార్తమ్మ, చెంగు పరుచుకుని కూర్చుంటూ.

చినపుల్లయ్య మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రికి పౌరుషం వచ్చింది. "చెక్క మీద కూకోడమేమన్నా యుద్ధమా" అంటూ పోయి చెక్క మీద కూర్చున్నాడు. దీవెన ముందు సీట్లో కూర్చుంది. ఆటో కదిలింది.

"గట్టిగా పట్టుకో బాబాయ్. జారితే పిన్ని మమ్మల్ని తిట్టుద్ది" అంది లోపల్నుంచి ఒకామె.

"పంచె ఎగురుతోంది, అది కూడా అడ్జస్ట్ చేసుకో" అంది ఇంకొకామె.

మేస్త్రి కాలవకట్ట దాకా ఓర్చుకున్నాడు. ఆటో ఒక్క గుంతలో పడి లేచేసరికి కమ్మీని రెండు చేతులా కావలించుకుని "ఆపరా సైదులూ, ఆపు" అని అరిచాడు. మీసాలు దుమ్ముకి తెల్లబడ్డాయి. కిందకి దిగి సెల్లు తీసి రెండో ఆటోని ఆయనే పిలిచాడు. అద్దె రైతు సగం, మేస్త్రి సగం పెట్టుకునేట్టు చేను గట్టు మీదే తేలింది. మా కాంప్రమైజ్ గాడికి ఎన్నాళ్లకో సొంత పని దొరికింది.

మర్నాటి నుంచి రెండు ఆటోలు. చెక్కను ఆడవాళ్లే ఊడబీకి పొయ్యిలో పెట్టారు. దీవెన రెండు కాళ్లూ లోపల పెట్టుకుని, వీపు ఆనించి కూర్చుంది. చివరి వీధిలో మేస్త్రి అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి "కొంచెం..." అన్నాడు. రెండు ఆటోల్లోని మొహాలూ ఆయన వైపు తిరిగాయి. నేను ఆయన నాలిక కొసన ఉన్నాను. దూకమంటే దూకేవాణ్ణి.

"కొంచెం మంచినీళ్లుంటే ఇయ్యండమ్మా" అన్నాడు.

దీవెన సీట్లోంచి లేవకుండానే సీసా అందించింది. ఆ నీళ్లతో పాటు నన్నూ గుటుక్కున మింగేశాడు.