నాలుగు మైకులు

గొంతు క్యాన్సర్ వల్ల రేచల్ స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టరు చెప్పాడు. మూడో రోజు ఆమె అక్క జయశీల, ఆపరేషన్ లోపు తామిద్దరి పాట ఒక్కటైనా ఇంట్లో రికార్డు చేద్దామంది. తమ పెళ్లిళ్లకు ముందు నుంచీ అక్కచెల్లెళ్లు కూర్మన్నపాలెం చర్చిలో కలిసే పాడేవారు. జయశీల భర్త రత్నరాజు హార్మోనియం, రేచల్ భర్త ఆరోన్ తబలా.

రత్నరాజు అక్కచెల్లెళ్లిద్దరినీ ద్వారకా నగర్‌లోని వాయిద్యాల షాపుకు తీసుకెళ్లాడు. మైకులను కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అడిగితే షాపతను చిన్నదొకటి బల్ల మీద పెట్టాడు.

"ఇంట్లోకి రెండు ఇన్‌పుట్‌లది సాలండి. ముందు వాయిద్యాలు రికార్డు సేసీండి. తర్వాత ఒకరెనక ఒకరు పాడితే కలిపెయ్యొచ్చు."

రత్నరాజుకు సబబుగానే తోచింది.

"నా వల్ల కాదు బావా," అంది రేచల్. అప్పటికే గొంతు బొంగురుపోయి, దగ్గరకొస్తే తప్ప వినపడటం లేదు. "అక్క పక్కన లేకుండా నానెప్పుడూ పాడలేదు."

షాపతను ఇంకోటి తెచ్చాడు. డబ్బా మీద నాలుగు ఇన్‌పుట్‌లని ఉంది. రత్నరాజు దాన్ని తిప్పి చూశాడు. "మైకులు పెట్టేవి రెండే ఉన్నాయేటండీ?"

"మిగతా రెండూ కీబోర్డుల్లాంటి వాటికండి."

"మాకు నాలుగూ మైకులకే కావాల. నలుగురం ఒకేసారి కూకుంటాం."

అలాంటిది లోపల ఒకటి దొరికింది. తిరుగు దారిలో రేచల్ దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది.

ఆదివారం ఆరాధన నుంచి రాగానే హాల్లో ఫ్యాన్ ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి కూర్చున్నారు. రేచల్ కోసం శ్రుతి బాగా దించారు. మొదటి చరణం ఎలాగో గడిచింది. రెండో చరణంలో ఆమె గొంతు పైకి లేవలేదు, మాటల్లో గాలి మాత్రమే వచ్చింది. ఆరోన్ తల వంచుకుని వాయిస్తూనే ఉన్నాడు. జయశీల చెల్లెలి గొంతును దాటకుండా తన గొంతు తగ్గించుకుంటూ చివరిదాకా పాడింది.

"ఇంకోసారి సేద్దామా?" అన్నాడు రత్నరాజు.

రేచల్ చేయి అడ్డంగా ఊపింది.

ఆపరేషన్ జరిగింది. వర్షాలు పడేనాటికి రేచల్ మెడకు స్కార్ఫ్ కట్టుకుని అక్క ఇంటికొచ్చింది. ఫోన్‌లో టైపు చేసి చూపించింది: 'పాట వింటాను.'

రత్నరాజు కంప్యూటర్‌లో పాట పెట్టి హెడ్‌ఫోన్స్ ఇచ్చాడు. కొంచెం విని ఆమె మళ్లీ టైపు చేసింది: 'నా మైకు ఆపు బావా.'

ఆ మైకులో రికార్డయినది అతను ఆపాడు. కానీ నలుగురూ ఒకే గదిలో కూర్చున్నారు కదా, ఆమె గొంతు మిగతా మూడు మైకుల్లోకీ చేరింది. ఆపినా సన్నగా, దూరం నుంచి వినిపిస్తూనే ఉంది. రత్నరాజు ఏదో సర్దబోతే రేచల్ అతని చెయ్యి పట్టుకుంది. కళ్లు మూసుకుని పాటంతా వింది. పెదవులు కదిలాయి.

తర్వాత పాస్టరుగారు ఆ పాట చర్చిలో వినిపిద్దామన్నారు. రేచల్ వద్దని తల ఊపింది. జయశీల ఆ వారం నుంచి వెనక బెంచీలో చెల్లెలి పక్కన కూర్చుంటోంది. పాడమని ఎవరైనా పిలిస్తే, "తర్వాతండి," అంటుంది.