మొగ నీళ్ల నీలం

మణికొండలో ఒక చిన్న నీటి పరీక్షల ల్యాబులో జాయ్స్ పనిచేస్తుంది. అపార్ట్‌మెంట్ల బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు పరీక్షించడమే రోజూ పని. ఆ వేసవిలో ఒక ఉదయం మేనమామ కృపానందం బస్సులో ఐసు పెట్టె పంపాడు. కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆయన పీతలు పడతాడు. పెట్టెలో నాలుగు సీసాల నీళ్లున్నాయి.

మొదటి మూత తీయగానే ఉప్పు వాసన గది నిండా పరుచుకుంది. జాయ్స్ కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. చిన్నప్పుడు సెలవుల్లో మామయ్య పడవలో వెల్లకిలా పడుకునేది. పోటు వచ్చేవేళ మడచెట్ల మధ్య పడవ ఊపిరి పీల్చినట్టు మెల్లగా పైకి లేచేది. ఇప్పుడు కళ్లు తెరిస్తే, కిటికీ అవతలి గాజు మేడలు కూడా అలాగే కాస్త లేచినట్టు అనిపించింది.

నాలుగో సీసా మాత్రం కుళ్లు వాసన కొట్టింది. మామయ్యకు ఫోన్ చేసింది.

“మండపీతలు బొత్తిగా పడట్లేదమ్మా. పడ్డవి కూడా బుట్టలోనే చచ్చిపోతున్నాయి,” అన్నాడాయన. “రొయ్యల చెరువుల నీళ్లన్నీ పాయలోకే వదిలేస్తున్నారు. అడిగితే, రుజువేదీ అంటున్నారు.”

“సాయంత్రానికి చెబుతానండీ, మామయ్యా.”

నీళ్లలో అమ్మోనియా ఎంతుందో తేల్చే రసాయనం కలిపింది. అమ్మోనియా ఎక్కువైన కొద్దీ నీలం ముదురుతుంది. మొగ దగ్గర పట్టిన నీళ్లు లేత నీలానికి తిరిగాయి. నాలుగో సీసావి, చెరువుల తూము దగ్గర పట్టినవి, నెమలి మెడలా మెరిశాయి. ఎంతసేపు చూస్తూ నిలబడిందో ఆమెకే తెలియదు. అంత అందం, అంత విషం.

రిపోర్టు పంపి, ఆ నీలాన్ని సింకులో ఒంపబోయింది. ఆ పెట్టె ఎక్కణ్నుంచి వచ్చిందో పొద్దున్నే విన్న రాజమ్మ, గది ఊడుస్తూ చీపురు ఆపింది.

“మేడం, గివి యాడికి పోతయి?”

“నాలాలోకి. అక్కణ్నుంచి మూసీలోకి.”

“మా ఊరు మూసీ ఒడ్డే. మా కాడ నురగ మంచు లెక్క లేస్తది. ఆ మూసీ వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది గద? అంటే ఇగ మీ మామ తాననే పోతయి.”

జాయ్స్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. మూడేళ్లుగా తాను ఒంపిన నీలాలన్నీ వరుసగా నదిలో నడిచిపోతున్నట్టు, ఒక్కో ఊరూ దాటి మామయ్య వలను తాకుతున్నట్టు కనిపించింది. ఖాళీ క్యాను తెచ్చి అందులో పోసి మూత బిగించింది.

“ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడేంటండీ?” అని విసుక్కున్నాడు మేనేజరు నతానియేల్.

“నేను మాత్రం సింకులో పోయను సార్.”

రెండు రోజులు నిండుతున్న క్యాన్లను చూసి, మూడో రోజు రసాయన వ్యర్థాలు తీసుకుపోయే బండిని ఆయనే పిలిపించాడు.

వానలు మొదలయ్యాక మామయ్య ఫోన్ చేశాడు. రిపోర్టు చూశాక ముగ్గురు రొయ్యల రైతులు నీళ్లు నిలవబెట్టి, తేటపడ్డాకే వదులుతున్నారట. మిగతావాళ్లు ఇంకా ఒప్పుకోలేదట.

“నిన్న రెండు పిల్ల పీతలు పడ్డాయమ్మా. వదిలేశాను. మళ్లీ నీళ్లు పంపనా?”

“వద్దండీ,” అంది జాయ్స్. “ఈసారి నేనే వచ్చి నీళ్లు పట్టుకుంటాను.”