చెంపదెబ్బల బసవరాజు

సైక్లోన్ స్టార్ రణధీర్ ఆకాశంలో ఎగరబోతున్నాడన్న కబురు ఉప్పల్‌లో అందరికంటే ముందు పోశయ్యకే తెలిసింది. తెలియదా మరి! ఉప్పల్ రణధీర్ యువసేనకు అతనే అధ్యక్షుడు. నాచారం పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద పనిచేసే మనిషి. జనగామ వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో కాపురం పెట్టాడు. సొంత పెళ్లిరోజు మరిచిపోయాడు గానీ, రణధీర్ సినిమా విడుదల తేదీ మరిచిపోయిన పాపాన ఏనాడూ పోలేదు.

సినిమా పేరు ‘ఆకాశరాయుడు’. రాగిరంగు కవచం వేసుకుని, మేడల మీదుగా ఎగురుతూ, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే వీరుడి కథ. రణధీర్ ఎత్తుకూ ఛాతీకీ ఆ వేషం అతికినట్టు సరిపోతుందని పోశయ్య కనిపించిన ప్రతివాడికీ చెప్పుకొచ్చాడు. అది రెండువేల ఎనిమిది వేసవి. అందరి నోటా అదే మాట.

అలాంటిది ఒక ఆదివారం పొద్దున పేపర్లో పిడుగు పడింది. ఆకాశరాయుడు రణధీర్ కాదట. బసవరాజట.

ఏ బసవరాజు? రణధీర్ సినిమాల్లో పక్కన ఉండే కమెడియన్ బసవరాజే. ఈతచువ్వ లాంటి మనిషి. ప్రతి సినిమాలో ఏదో ఒక తింగరి మాట అని, రణధీర్ చేతిలో చెంపదెబ్బ తింటాడు. ఆ దెబ్బకు గిర్రున తిరిగి పడితే హాలంతా గొల్లుమంటుంది. అందుకే జనం అతన్ని చెంపదెబ్బల బసవరాజు అని పిలుచుకుంటారు.

పోశయ్య చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఉప్పల్ చౌరస్తాలోని ఇరానీ హోటలుకు పరుగెత్తాడు. అప్పటికే యువసేన అంతా అక్కడ పోగయింది. కార్యదర్శి తేజేష్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. భీమవరం కుర్రాడు, హబ్సిగూడలో కంప్యూటర్ల మీద పని.

“పోశన్నా, నెట్‌లో ఆర్కుట్ తగలబడిపోతోంది,” అన్నాడు తేజేష్. “వీడు ఎగరడమేంటి, గాలొస్తే కొట్టుకుపోతాడు అని ఒకడు రాశాడు. ఇంకొకడు బసవరాజు ఫొటోకి రెక్కలు అతికించి, కింద దోమల మందు పేరు పెట్టాడు.”

“మా అన్న చేతుల దెబ్బలు తిన్నోడు ఆకాశంల ఎగురుతడా?” బల్ల మీద గుద్దాడు పోశయ్య. చాయ్ కప్పులు ఎగిరిపడ్డాయి. “స్టూడియో ముంగట ధర్నా జేద్దాం. ఆన్ని తీసేసేదాంక కదిలేది లేదు.”

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా అతని కోపం చల్లారలేదు. భార్య దుర్గాభవాని సంగతంతా విని, పప్పు వడ్డిస్తూ తాపీగా అంది: “మంచిగనే జేసిన్రు తీ. ఆ బసవరాజు మాట్లాడ్తుంటే మా అన్న ఇంటికొచ్చి మాట్లాడినట్టే ఉంటది. మీ రణధీరేమో బడిల సారు పాఠం జెప్పినట్టు మాట్లాడ్తడు.”

“గది నవ్వించేటోళ్ల భాషనే. హీరో భాష గాదు.”

“మరి నువ్వు మాట్లాడేదేంది?”

పోశయ్య పప్పులో ఉప్పు తక్కువైందని మాట మార్చాడు.

మరుసటి ఆదివారానికి దిష్టిబొమ్మ సిద్ధమైంది. నారపల్లి పొలాల నుంచి ఎండుగడ్డి తెచ్చి, పాత ప్యాంటూ చొక్కాలో కుక్కారు. కుక్కేవాడు ఉత్సాహం పట్టలేక ఎక్కువ కుక్కాడు. చివరికి చూస్తే బొమ్మకు పొట్టా భుజాలూ వచ్చి, బసవరాజుకు అన్నలా తయారైంది. ఇప్పుడు తీయడం దేనికని దాని ముఖానికి బసవరాజు ఫొటో అంటించేశారు. ‘బసవరాజు డౌన్ డౌన్’ అని ఎర్రరంగుతో బ్యానర్ రాశారు. అంతా కలిసి మల్లాపూర్ మీదుగా, దారి పొడుగునా నినాదాలిస్తూ, నాచారంలో షూటింగు జరుగుతున్న స్టూడియోకు చేరుకున్నారు.

గేటు ముందు ఒక నడివయసు మనిషి చెమటలు కక్కుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయన జనార్ధనరావు, ప్రొడక్షన్ మేనేజరు. ఊరేగింపును చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

“హమ్మయ్య, వచ్చారా! ఎంతసేపయ్యా బాబూ? డైరెక్టరు గారు నన్ను నమిలేస్తున్నారు. పదండి, లోపలికి పదండి!”

పోశయ్య ఛాతీ ఉబ్బింది. “సూసిన్రా?” అన్నాడు వెనక్కి తిరిగి. “గేటు కాడికి రాంగనే చర్చలకు పిలిచిన్రు.” యూనియన్ గొడవల్లో ఇలాంటివి అతనికి అలవాటే. గేటు ముందు గట్టిగా అరిస్తే మేనేజ్‌మెంటు లోపలికి పిలుస్తుంది. దర్జాగా నడిచాడు.

కానీ లోపల కుర్చీలు లేవు, చర్చలూ లేవు. కాలిపోతున్న వీధి సెట్టు ఉంది. ఒకమ్మాయి వచ్చి అడగకుండానే పోశయ్య ముఖానికి మసి పూసింది. ఇంకొకడు అందరి చేతికీ అట్టతో చేసిన రాళ్లు ఇచ్చాడు. జనార్ధనరావు బ్యానరు చూసి తల పట్టుకున్నాడు.

“పాత్ర పేరు రాయమంటే యాక్టరు పేరు రాశారేంటయ్యా? ఎవడ్రా అక్కడ, రంగు తీసుకురా!”

కళ్ల ముందే ‘బసవరాజు’ పోయి ‘ఆకాశరాయుడు డౌన్ డౌన్’ అయింది. తేజేష్‌కు అప్పుడు వెలిగింది. పోశయ్య చెవిలో గుసగుసగా చెప్పాడు. “అన్నా, మనల్ని జూనియర్ ఆర్టిస్టులనుకుంటున్నారు. కృష్ణానగర్ నుంచి రావాల్సిన వాళ్ల బస్సు తార్నాకలో ఆగిపోయిందంట. ఆకాశరాయుడి మీద ఊరు తిరగబడే సీనంట ఇది. వెళ్లిపోదామా?”

పోశయ్య తల అడ్డంగా ఊపాడు. “ఎందుకు పోవాలె? గేటు బయట ఒర్రితే ఆనికి ఇనబడుతదో లేదో. గీడైతె మొకం మీదనే ఒర్రొచ్చు.”

డైరెక్టరు టోపీ పెట్టుకున్న కుర్రవాడు. “యాక్షన్” అన్నాడు. ఇక చూడండి, యువసేన కడుపులో వారం రోజులుగా ఉడుకుతున్నదంతా కట్ట తెంచుకుంది. “దెబ్బలు తినేటోడు మాకొద్దు!” అని పోశయ్య గొంతు చించుకున్నాడు. అట్టరాళ్లు గాల్లో లేచాయి. డైరెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“ఇంత నిజమైన కోపం నేనెక్కడా చూళ్లేదు! ఆ ముందున్నాయనకు క్లోజప్ పెట్టండి.”

షాటుకూ షాటుకూ మధ్య బసవరాజు అక్కడికి వచ్చాడు. రాగిరంగు కవచంలో అతని కాళ్లు ఇంకా సన్నగా కనిపిస్తున్నాయి. నేరుగా దిష్టిబొమ్మ దగ్గరికి వెళ్లి, దాని పొట్ట తడిమి చూశాడు.

“నా బొమ్మనా అన్నా గిది? నా కంటే మంచిగున్నడు గదనే. ఈన్నే పెట్టుకుంటే అయిపోవు సిన్మల.”

యువసేనలో సగంమంది ఫక్కున నవ్వేశారు. పోశయ్య మాత్రం పెదవి కొరికి నవ్వు ఆపుకున్నాడు. బసవరాజు అతని వైపు తిరిగాడు.

“నువ్వయితే మస్తు జేస్తున్నవన్నా. నిజంగ కోపమొచ్చినట్టే ఒర్రుతున్నవ్.”

“నిజంగనే కోపం,” అన్నాడు పోశయ్య. తేజేష్ వెనకనుంచి చొక్కా లాగుతున్నా ఆగలేదు. “మేం రణధీరన్న ఫ్యాన్స్. అన్న వేషం నువ్వెందుకు తీస్కున్నవో అడగనీకె వచ్చినం.”

బసవరాజు నొచ్చుకోలేదు. పక్కనున్న డబ్బా మీద కూలబడి, తాళ్లు తగిలించడానికి నడుముకు బిగించిన తోలుపట్టీ వదులు చేసుకున్నాడు. దాని కింద నడుమంతా కమిలిపోయి ఉంది.

“నేను గూడ అన్న ఫ్యానే. హీరో నువ్వే అని ఫోనొస్తే రాంగ్ నంబరని పెట్టేసిన. మల్ల జేస్తే దోస్తులు మజాక్ జేస్తున్నరని మంచిగ తిట్టిన. మూడోసారి డైరెక్టరే ఇంటికొచ్చిండు. నాకెందుకిచ్చిండో నాకే ఎరుకలే. మా నాయినైతే ఇంకా నమ్ముతలేడు. నిన్న గూడ అడిగిండు, హీరో ఎవర్రా అని.” నవ్వి లేచాడు. “ఒర్రుండ్రి అన్నా. జర గట్టిగనే ఒర్రుండ్రి. గప్పుడే నాకు బి.పి. పెరిగి పైకి లేస్త.”

ఆ మనిషిని ఏం తిట్టాలో పోశయ్యకు తోచలేదు. అయినా అధ్యక్షుడన్నాక తగ్గడం బాగుండదని ముఖం ముడుచుకునే నిలబడ్డాడు.

తర్వాతి షాటు మేడ మీద. మంటల్లో చిక్కుకున్న ముసలమ్మను ఆకాశరాయుడు చేతుల్లోకి తీసుకుని కిందికి దిగాలి. కింద ఊరు ఇంకా తిడుతూనే ఉండాలి. ముసలమ్మ వేషం వేసింది మల్లవ్వ, నాగారంలో ఉండే నిజం ముసలమ్మే. ఇద్దరికీ తాళ్లు కట్టారు. అవతల ఫైటర్లు తాళ్లు పట్టుకున్నారు. “యాక్షన్” అనగానే బసవరాజు మల్లవ్వను ఎత్తుకుని గాల్లోకి అడుగేశాడు.

సగం దూరం దిగాక తాడు చక్రంలో ఇరుక్కుని ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఇద్దరూ నడిగాలిలో ఊగారు. మల్లవ్వ నటన మరిచిపోయి కెవ్వుమంది. “ఓరి దేవుడో, దించుండ్రి! నేను సస్త!”

బసవరాజు చెప్పాల్సింది ‘భయపడవద్దు తల్లీ, నేనున్నాను’ అని. పొద్దుటి నుంచి అదే వల్లెవేస్తున్నాడు. కానీ అతని నోటి వెంట వచ్చింది వేరు.

“భయపడకు పెద్దవ్వా. నేను పట్టుకున్న, ఇడువ. కిందికి సూడకు, నా మొకం సూడు. గంతే, నా మొకమే సూడు.”

మల్లవ్వ అతని ముఖం చూసింది. ఏడుపు ఆగింది. ఇంతలో తాడు కదిలి, ఇద్దరూ మెల్లగా నేల మీదికి దిగారు.

వాళ్ల కాళ్లు నేలకు ఆనగానే ఒక ఈల, చెవులు గింగురుమనేలా. ఆ ఈల తనదేనని పోశయ్యకు, రెండు వేళ్లూ నోట్లో ఉన్నాయని గమనించాకే తెలిసింది. వెనకనుంచి యువసేన అంతా చప్పట్లు అందుకుంది.

“కట్!” డైరెక్టరు విసవిసా వచ్చాడు. “బసవరాజు గారూ, డైలాగు అది కాదు కదా! ఏమయ్యా, నిన్నెవరు ఈల వెయ్యమన్నారు? మీకు కోపం పోయేది రేపటి సీన్లో!”

“నాకు గిప్పుడే పోయింది సార్. ఏం జెయ్యాలె?”

“ఎందుకు పోయింది?”

పోశయ్య అట్టరాయి కింద పడేశాడు. “నేను చిన్నగున్నప్పుడు ఈత నేర్పనీకె మా నాయిన బాయిల దింపిండు సార్. నేను ఒకటే ఏడ్పు. గప్పుడు మా నాయిన గిట్లనే అన్నడు. గీ మాటలే. హీరో నోట్ల నేనెన్నడు ఇనలే సార్. ఇంక కోపం యాడుంటది?”

డైరెక్టరు మానిటరు దగ్గరికి వెళ్లాడు. తీసినదాన్ని మళ్లీ మళ్లీ వేయించుకుని చూశాడు. “ఆకాశరాయుడు సినిమా అంతా ఇలాగే మాట్లాడితే ఎలా ఉంటుంది?” అన్నాడు.

జనార్ధనరావు గతుక్కుమన్నాడు. “హీరో ఆ భాష మాట్లాడితే హాల్లో నవ్వుతారండీ.”

“వీళ్లు నవ్వలేదుగా,” అన్నాడు డైరెక్టరు యువసేనను చూపిస్తూ.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర హారన్ మోగింది. కృష్ణానగర్ బస్సు వచ్చింది. దాంట్లోంచి దిగుతున్న అసలు జూనియర్ ఆర్టిస్టులను చూసి జనార్ధనరావు నోరు తెరిచాడు. “మరి మీరెవరు?”

“మేం ధర్నాకొచ్చినం సార్,” అన్నాడు పోశయ్య వినయంగా. సెట్టు మీద నవ్వని మనిషి లేడు. జనార్ధనరావు కూడా తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నవ్వాడు. “ఎలాగూ మసి పూసుకున్నారు, భోజనం చేసి సాయంత్రం దాకా ఉండండి,” అన్నాడు. ఆ సాయంత్రం బసవరాజు దిష్టిబొమ్మను అడిగి మరీ తీసుకున్నాడు, వాళ్ల నాయనకు చూపిస్తానని.

నగరంలోని రణధీర్ అభిమానుల పెద్ద సంఘం వాళ్లు పోశయ్యను పిలిచి సంజాయిషీ అడిగారు. “రణధీరన్నకు జై. బసవరాజన్నకు గూడ జై. రెండుసార్లు జై గొడ్తె నోరేమన్న అరుగుతదా?” అన్నాడు. వాళ్లు చిరాకుపడ్డారు. అతను ఛాతీ మీది రణధీర్ బ్యాడ్జి మాత్రం తియ్యలేదు.

చలికాలంలో ‘ఆకాశరాయుడు’ విడుదలైంది. ఉప్పల్ థియేటరులో మొదటి ఆటకు పోశయ్య దుర్గాభవానితో, యువసేనతో వెళ్లాడు. తనది క్లోజప్ ఉందని కాలనీ అంతా చాటింపు వేసి ఉన్నాడు. తాడు ఆగిన సీను వచ్చింది. “భయపడకు పెద్దవ్వా” అన్న మాట హాలంతా మోగింది. ఒక్కరూ నవ్వలేదు. తర్వాత కప్పు లేచిపోయేలా ఈలలు. బాల్కనీలోంచి ఒక ముసలాయన, “గది మనోడంటే!” అని అరిచాడు. పోశయ్య పూనకం వచ్చినట్టు సీట్ల కిందికి వంగి, నేలమీది కాగితం ముక్కలు రెండు చేతులా ఏరి తెరమీదికి విసరసాగాడు. అయిపోతే మళ్లీ వంగాడు.

దుర్గాభవాని అతని వీపు మీద చరిచింది.

“ఓ అయ్యా, యాడున్నవ్? తెర మీద నువ్వొచ్చినవ్! గింత పెద్ద మొకం!”

పోశయ్య గబుక్కున లేచి చూశాడు. తెర మీద ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. ఆకాశరాయుడు మేడల మీదుగా వెళ్లిపోతున్నాడు.

“ఎట్లున్న?” అని అడిగాడు ఆత్రంగా.

“మసి మొకం, నోరంత దెర్సుకొని... మస్తున్నవ్,” అంది దుర్గాభవాని కళ్లు తుడుచుకుంటూ. ఆమెకు నవ్వు ఆగడం లేదు.

“పోనీ తీ, మల్ల ఆటకు సూస్త,” అని పోశయ్య, తేజేష్ చేతిలోని కాగితాలు కూడా లాక్కుని పైకి విసిరాడు.