చాటింపు లేని పిండి

ఎనెలెస్ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి తెల్ల కాలరు మీద ఒత్తుతోంది. భర్త హారిసన్ గుమ్మంలో నిలబడి టీ తాగుతూ, ఎప్పట్లా కూతురి పేరుతో పిలిచి అన్నాడు.

"ఎస్నాత్ అమ్మా, డీకను చిపెటాకి జ్వరం కదా, పిండి మా ఇంటినించే అని పోయిన ఆదివారమే చర్చిలో సంఘం ముందు చెప్పేశాను. బుట్ట నిండుగా ఉండాలి. నా మాట పోకూడదు."

మాట ఆయనది. ఆ మాట చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. ఆమెకు ఐదు రోజులు పట్టింది. మొక్కజొన్న దంచి పొట్టు తియ్యాలి, మూడు రోజులు నానెయ్యాలి, కడిగి మళ్ళీ దంచాలి, చాప మీద ఆరబోసి కోళ్ళను తోలుతూ కూర్చోవాలి. సంఘ పెద్ద ఇంటి పిండి తెల్లగా లేకపోతే ఊరు నవ్వుతుంది. 'హారిసన్ గారిది దయగల ఇల్లు' అని పాస్టరు అన్నప్పుడల్లా ఆయన వినయంగా తల వంచుకుంటాడు. ఆ వినయం చూస్తే ఆమెకు నడుంనొప్పి ఎక్కువవుతుంది. 'రోకలి పట్టిన చేతిలోనే ప్రార్థన ఉంటుందే కోడలా' అనేది అత్త. దంచీ దంచీ ఆ అత్తా పోయింది. సమాధి రాయి మీద మామ పేరు పెద్దగా ఉంది, కింద 'భార్య' అని ఉంది. నలుగురికీ పెట్టడం ఎనెలెస్‌కి చిన్నప్పటినించీ ఇష్టమే. ఆ ఇష్టం ఎప్పుడు జారిపోయిందో, ఏ ఆదివారం జారిపోయిందో తెలీదు. దాన్ని వెతుక్కుంటున్నట్టు ఈమధ్య ఇంట్లో ఊరికే అటూ ఇటూ తిరుగుతోంది.

ఆ రోజు గురువారం, చర్చి స్త్రీల సమాజం జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళే రోజు. ఎర్ర జాకెట్టు, నల్ల లంగా, సభ్యురాలని గుర్తుగా తెల్ల కాలరు, తెల్ల తలగుడ్డ. పదకొండు మంది బుట్టలు నెత్తిన పెట్టుకుని పాడుకుంటూ బయల్దేరారు. దారిలో ఒంటరిగా బతికే ఫెలెసితా ఇల్లు వచ్చేసరికి ఎనెలెస్ నడక తగ్గింది. రెండు రోజులుగా ఆ వంటపాకలోంచి పొగ రావడం లేదు.

"కాలు వాచి లేవట్లేదంట" అంది ఎనెలెస్.

"సారా కాసేటప్పుడు బాగానే లేచింది కదా" అంది వెనకనించి ఎవరో. నవ్వారు.

అధ్యక్షురాలు న్యాంగులు వెనక్కి తిరక్కుండానే అంది. "పాట ఆపకండి. సారా కాసినందుకు సంఘ శిక్షలో ఉన్న మనిషి గడప ఈ కాలరుతో తొక్కకూడదు. పెద్ద గారి భార్యవి, నీకూ నేనే చెప్పాలా? పోయినేడు ఇలాంటి గడపే తొక్కినందుకు లోనెస్ కాలరు లాగేసుకున్నారు, మర్చిపోయావా?"

ఎనెలెస్ మర్చిపోలేదు. ఆ కాలరు కోసం మూడేళ్ళు వెనక బెంచీలో కూర్చుంది. ఇంట్లో ఆమె ఎస్నాత్ అమ్మ. వీధిలో హారిసన్ గారి భార్య. ఆ కాలరు మెడకి ఉంటేనే ఎవరైనా ఆమెను ఎనెలెస్ అని పిలుస్తారు. ఆమె కూడా పాడుకుంటూ ఆ ఇల్లు దాటేసింది.

డీకను అరుగు మీద కూర్చుని చెరకు నములుతున్నాడు. అప్పటికే మూడు పేటలవాళ్ళు వచ్చి వెళ్ళారు. ఇంటినిండా పిండే.

"ఎక్కడ పెట్టుకోను తల్లీ, మంచం కింద కూడా పిండే" అంది డీకను భార్య. "ఈయన జ్వరం తగ్గింది గానీ పిండి తగ్గేట్టు లేదు. పురుగు పడితే మళ్ళీ దాన్ని జల్లించేది నేనే."

అందరూ నవ్వారు. ఎనెలెస్ నవ్వలేదు, బుట్ట దించలేదు. పదకొండేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. తన రెండో బిడ్డ పుట్టీ పుట్టగానే పోయింది. హారిసన్ సంఘాల పెద్ద మీటింగుకి వెళ్ళాడు. ఇలాగే కాలర్లు వచ్చాయి, పాడాయి, చాప మీద కూర్చుని మొక్కజొన్న ముద్ద తిన్నాయి, వెళ్ళాయి. ఆ ముద్ద కలిపింది ఫెలెసితా. నెత్తుటి గుడ్డలు వాగుకి తీసుకెళ్ళి ఉతికింది ఫెలెసితా. ఆ సంగతి ఏ ఆదివారమూ సంఘంలో ఎవరూ చదివి వినిపించలేదు. తనూ ఎవరికీ చెప్పలేదు.

"బుట్ట దించవేం?" అంది న్యాంగులు.

"ఇక్కడ చోటు లేదు" అని ఎనెలెస్ వచ్చిన దారినే తిరిగింది.

ఫెలెసితా గుమ్మం దగ్గర ఆగింది. కాలరు తీసి బుట్టలో దాచేద్దామా అనుకుంది. వేళ్ళు పిన్ను దాకా వెళ్ళాయి. దొంగతనం చేస్తున్నట్టు అనిపించి వదిలేసి లోపలికి వెళ్ళింది.

"దారి తప్పావా? ఇది డీకను ఇల్లు కాదు" అంది చాప మీదనించి ఫెలెసితా.

"తెలుసు."

"కాలరు ఊడుతుందే."

"ముందు నీళ్ళెక్కడున్నాయో చెప్పు."

పొయ్యి రాజేసింది. తలగుడ్డ విప్పి వేణ్ణీళ్ళలో ముంచి వాచిన కాలికి చుట్టింది. పెరట్లో గుమ్మడాకు కోసి పల్లీపొడి వేసి వండింది. ఎసట్లో తన పిండి పోసి తిప్పుతుంటే, ఐదు రోజుల నడుంనొప్పి అలాగే ఉంది గానీ, కాళ్ళు మాత్రం ఒకచోట నిలిచాయి. పొగ కప్పు మీదకి లేచింది. ఊరంతా చూసేలా లేచింది.

కాసేపటికి హారిసన్ వచ్చాడు. గడప దాటలేదు.

"ఎస్నాత్ అమ్మా, బయటికి రా. న్యాంగులు నా దగ్గరికొచ్చింది. కాలరు తిరిగి ఇచ్చెయ్యమంటున్నారు. వచ్చే ఆదివారం నేను సంఘంలో ఏం చెప్పాలి?"

ఎనెలెస్ తెడ్డు ఆపలేదు.

"ఈ పిండికి మీరేం చెప్పక్కర్లేదు. ఇది మీరు పంపింది కాదు. నేను దంచాను, నేను తెచ్చాను."

"మరి కాలరు?"

"నా మెడకే ఉంది. కావాలంటే వాళ్ళనే ఈ ఇంట్లోకి వచ్చి తీసుకోమనండి. ముద్ద అందరికీ సరిపోతుంది."