గాజు మీద నిలవని బంగారం

2006 వేసవి. విజయవాడలో ఒక కాలేజీ ల్యాబులో ఫరహత్ కంప్యూటర్ తెర చూసి అలాగే కూర్చుండిపోయింది.

ఆమె పీహెచ్‌డీ అంతా ఒక గాజుపలక మీద ఉంది. దాని మీద కంటికి ఆనని బంగారు రేణువులు లేత గులాబీ రంగు పొరలా అంటుకుని ఉంటాయి. పలకను ముంచిన ద్రవం కాంతిని ఎక్కువగా వంచేదైతే, ఆ రేణువులు మింగే కాంతి ఎరుపు వైపు కాస్త జరుగుతుంది. గ్రాఫులో శిఖరంలా లేచే పీక్ పక్కకు జరగడం చూసి ద్రవంలో మార్పు కనిపెట్టవచ్చు. పంచదార నీళ్లు చిక్కబడేకొద్దీ పీక్ చక్కగా జరిగింది. పేపరు రాసేసింది. సోమవారం జర్నల్‌కు పంపాలి.

పలకను తిరిగి ఉత్త నీళ్లలో పెడితే పీక్ మొదటి చోటికి రావాలి కదా అని ఊరికే చూసింది. రాలేదు. ఉత్త నీళ్లలోనే పదిసార్లు ముంచి తీసింది. పంచదార లేకుండానే పీక్ జరుగుతూ పోయింది. అంటే రేణువులు పట్టు తప్పి గుంపులు కడుతున్నాయి.

గైడు సంజీవరావు గారి గదికి వెళ్లింది.

"పేపరు పంపొద్దు సార్. నా రీడింగులు తప్పు."

"ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అనలేదండీ. నేనే చూశాను."

"సరే, ఆపుదాం. కారణం పట్టుకో."

రెండు వారాలు రసాయనాల పాళ్లు మార్చి మార్చి చూసింది. లాభం లేకపోయింది. అన్నం సయించలేదు. ఒక సాయంత్రం కూతుర్ని ఇంటికి తీసుకెళ్దామని బడే మియా ల్యాబుకు వచ్చాడు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా బంపర్లకు క్రోమియం పూత వేసే మనిషి. కడిగి పెట్టిన గాజుపలకల్లో ఒకదాన్ని అంచు పట్టుకుని కుళాయి కింద పెట్టాడు.

"వీటిని దేంతో కడిగావు బేటా?"

"సబ్బు నీళ్లతో అబ్బా."

"చూడు, నీళ్లు బొట్లు బొట్లుగా విడిపోతున్నాయి. జిడ్డు పోలేదన్నమాట. నీళ్లు పొరలాగా పరుచుకోకపోతే మేం పూతే వెయ్యం. వేసినా పెచ్చులూడిపోద్ది."

మర్నాడు ఫరహత్ కొత్త పలకల్ని యాసిడ్‌లో నానబెట్టి కడిగింది. ఈసారి నీళ్లు అద్దంలా పరుచుకున్నాయి. వాటి మీద బంగారం ఎక్కించింది. ఉత్త నీళ్లు, పంచదార నీళ్లు, మళ్లీ ఉత్త నీళ్లు. పీక్ వెళ్లి, వెనక్కి వచ్చింది. ఐదుసార్లూ వచ్చింది. ఆమె స్టూలు మీద కూలబడి దుపట్టాలో ముఖం దాచుకుంది.

"పీక్ జరగడం మాత్రం మునుపటిలో సగమే సార్," అంది సంజీవరావు గారితో.

"సగమైతేనేం? రేపు ఎవరు చేసినా ఇదే వస్తుంది. రాసెయ్యమ్మా!"

ఆ రోజు ఇంటికెళ్లే బస్సులో కూర్చోగానే నిద్ర ముంచుకొచ్చింది. తాడేపల్లిలో దిగాల్సిన మనిషి కండక్టర్ లేపేసరికి మంగళగిరిలో ఉంది.

"టికెట్టు తాడేపల్లికే కదమ్మా?"

"ఔనండీ," అంటూ నవ్వు ఆపుకోలేక దిగింది. అక్కడే దోసె చెప్పి, చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది.